అసలు వెళ్లిపోయింది, కొసరు మిగిలింది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బేస్‌బాల్

2023 డిసెంబరులో శాన్ డియాగో పాడ్రేస్ నుంచి హువాన్ సోటోను తెచ్చుకున్న న్యూయార్క్ యాంకీస్, సరిగ్గా ఏడాదికి అతన్ని అదే ఊరిలోని మెట్స్‌కు పోగొట్టుకున్న వ్యవహారం గురించి గత సంచికలో రెండు పేరాలు రాశాము. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే, ఆటలు లేని చలికాలంలోనే బేస్‌బాల్ అభిమానులు ఎక్కువగా ఆడుతారన్న మాట నిజమేననిపించింది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఐదుగురిని ఇచ్చి, ఒక్కడి కోసం తాపత్రయపడి, ఆ ఒక్కడూ ఏడాదికే వెళ్లిపోతే దాన్ని బేరం అంటారా, మోసపోవడం అంటారా? మా ఇంట్లో ఈ విషయమై నాకూ మా తమ్ముడికీ రెండేళ్లుగా మాటల యుద్ధం జరుగుతోంది.
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ముందు లెక్క సరిచేసుకుందాము. యాంకీస్ ఇచ్చినది ఐదుగురినే: పిచర్లు (బంతి వేసేవాళ్లు) మైకేల్ కింగ్, జానీ బ్రీటో, రాండీ వాస్కెజ్, డ్రూ థోర్ప్, బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్ కైల్ హిగషియోకా. కానీ వచ్చినది ఒక్కడు కాదు. సోటోతో పాటు ట్రెంట్ గ్రిషమ్ అనే అవుట్‌ఫీల్డర్ (మైదానం చివర కాచేవాడు) కూడా వచ్చాడు. ఆనాడు అతని పేరును వార్తల చివరి వాక్యంలో రాసి వదిలేశారు. అతని సంగతికి తర్వాత వస్తాను.

ఈ బేరం ఎందుకు జరిగిందో తెలియాలంటే 2023లో యాంకీస్ పరిస్థితి గుర్తు చేసుకోవాలి. 162 ఆటల్లో 82 గెలిచి, 80 ఓడి, ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. ఆరన్ జడ్జ్ జూన్‌లో లాస్ ఏంజెలెస్ మైదానంలో గోడకు గుద్దుకుని కాలి బొటనవేలు దెబ్బతినగానే బ్యాటింగ్ మొత్తం కుప్పకూలింది. ఎడమచేతి బ్యాటర్లకు వరంలా, రైట్ ఫీల్డ్ మూలలో కంచె 314 అడుగుల దూరంలోనే ఉండే మైదానం వాళ్లది. అలాంటి మైదానం పెట్టుకుని, భయపెట్టగల ఎడమచేతి బ్యాటరు ఒక్కడూ లేకుండా ఆడారు. సోటో ఎడమచేతివాటం, వయసు 25, పైగా పిచర్‌తో ఓపికగా బేరమాడి వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా మొదటి బేస్‌కు చేరడం) రాబట్టడంలో అతనికి సాటి వచ్చేవాళ్లు తక్కువ. ఒప్పందం ఒక్క ఏడాదే మిగిలి ఉందన్న సంగతి ఇచ్చినవాళ్లకూ తెలుసు, పుచ్చుకున్నవాళ్లకూ తెలుసు. కనుక "ఏడాదికే వెళ్లిపోయాడు" అన్నది ఆ తర్వాత బయటపడిన లోపం కాదు, ధరలో ముందే కలిసిన విషయం.

ఆ ఏడాదికి యాంకీస్ 3.1 కోట్ల డాలర్ల జీతం ఇచ్చారు. అతను 41 హోమ్‌రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి), 129 వాక్‌లు, 128 పరుగులు ఇచ్చాడు. జట్టు 94 ఆటలు గెలిచి, 2009 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ అనే ఫైనల్‌కు చేరింది. పదిహేనేళ్లుగా తెరుచుకోని తలుపు తెరుచుకోవడానికి ఎంత ఇవ్వవచ్చునని మీ తమ్ముడిని అడగండి.

అయితే ఆయన వాదనలో బలమేమీ లేదని నేను అనను. ఈ బేరంలో అసలు ధర కింగ్ ఒక్కడే, మిగతా నలుగురూ కలిసి అతని పక్కన తూగరు. పాడ్రేస్‌కు వెళ్లిన మొదటి ఏడాదే 201 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేసి, 2.95 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మేలు) నిలిచాడు. కానీ కింగ్ కూడా యాంకీస్ చేతిలో ఉండేది 2025 దాకానే. శాశ్వతమైన ఆస్తిని అమ్మి అద్దె ఇల్లు తీసుకున్నట్టు మాట్లాడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు: ఇచ్చినదీ రెండేళ్ల అద్దె ఇల్లే. పైగా కింగ్ ఖాళీ చేసిన చోటు 2024లో పెద్దగా కనిపించలేదు, ఎందుకంటే లూయిస్ గిల్ అనే కుర్రాడు అక్కడికి వచ్చి, అమెరికన్ లీగ్‌లో (పెద్ద బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటి) ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచాడు. అది అదృష్టం. బేరం చేసిన రోజున ఎవరూ లెక్కలో వేసుకోగలిగినది కాదు.

ఇక గ్రిషమ్. మన బజారులో కూరగాయలు తూచాక పైన గుప్పెడు కరివేపాకు వేస్తారే, అలాంటి కొసరు అతను. 2024లో ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆడినప్పుడు బ్యాటింగ్ సగటు .190, అంటే నూరుకు 19 హిట్లు. సోటో వెళ్లిపోయాక, 2025లో అదే మనిషి 34 హోమ్‌రన్లు కొట్టాడు. ఆ ఏడు చివర యాంకీస్ సుమారు 2.2 కోట్ల డాలర్లకు ఒక ఏడాది ఇస్తామంటే ఒప్పుకుని ఉండిపోయాడు. సోటో ట్రేడ్ లెక్క వేసేవాళ్లు ఈ పద్దును వదిలేస్తే ఆ లెక్క తప్పు.

ప్రశ్న: మేము ఉండేది శాన్ డియాగోలో. అక్కడ ఈ ట్రేడ్‌ను అందరూ మెచ్చుకుంటారు. ఇద్దరూ గెలిచిన బేరం అంటూ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, శాన్ డియాగో

జవాబు: ఉంటుంది, అమ్మా. ఇది అలాంటిదే. పాడ్రేస్ యజమాని పీటర్ సైడ్లర్ 2023 నవంబరులో కన్నుమూశారు, ఖర్చు తగ్గించుకోవలసి వచ్చింది, పిచర్ల కొరత కళ్ల ముందు ఉంది. ఒక్క జీతం వదిలించుకుని నలుగురు పిచర్లను తెచ్చుకున్నారు. వాళ్లలో థోర్ప్‌ను నాలుగు నెలలు కూడా ఉంచుకోకుండా, 2024 మార్చిలో పిచర్ డిలన్ సీజ్ కోసం షికాగో వైట్ సాక్స్‌కు పంపిన ఒప్పందంలో కలిపారు. ఆ సీజ్ జులైలో వాషింగ్టన్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. అక్టోబరు 1న కింగ్ అట్లాంటా మీద ఏడు ఇన్నింగ్స్‌లో 12 మందిని స్ట్రైకవుట్ చేసి, ఒక్క వాక్ కూడా ఇవ్వలేదు. పాడ్రేస్ 93 ఆటలు గెలిచారు. సోటోను పంపిన తర్వాత, అతను ఉన్న ఏడాది కంటే బాగా ఆడారు.

ప్రశ్న: ఐపీఎల్‌లో ట్రేడ్ అంటే మాకు అర్థమవుతుంది: సంజూ శాంసన్ చెన్నైకి, జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కు. కానీ బేస్‌బాల్‌లో ఇంకా పెద్ద జట్టులో అడుగే పెట్టని పిల్లల కోసం మహా ఆటగాళ్లను ఇచ్చేస్తారట. ఇది ఏం న్యాయం?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2025 నవంబరులో జరిగిన ఆ ఐపీఎల్ మార్పిడిలో శాంసన్ 18 కోట్లకు, జడేజా 14 కోట్లకు, కరన్ 2.4 కోట్లకు చేతులు మారారు. ముగ్గురూ పేరున్నవాళ్లే, ముగ్గురి ధరా అందరికీ కనిపిస్తూనే ఉంది. ఐపీఎల్ జట్లకు కింద పెంచుకునే తోట లేదు; మూడేళ్లకొకసారి పెద్ద వేలంలో దాదాపు అందరూ మళ్లీ బజారుకు వస్తారు. బేస్‌బాల్‌లో ఒక కుర్రాడు పెద్ద లీగ్‌లో అడుగు పెట్టాక సుమారు ఆరేళ్లు అదే జట్టుకు కట్టుబడి ఉండాలి, మొదటి మూడేళ్లు జీతం కూడా కనీసానికి దగ్గరగానే ఉంటుంది. కనుక ఇంకా ఆడని 20 ఏళ్ల పిల్లవాడంటే, అతను నిజంగా పైకి వస్తే, ఆరేళ్ల చవక పంట. తారకు మాత్రం పదిరెట్ల జీతం ఇవ్వాలి, ఏడాదో రెండేళ్లో మాత్రమే ఉంటాడు. పిల్లవాడు పైకి రాకపోతే సున్నా. ఆ జూదాన్నే వాళ్లు కొనుక్కుంటారు.

మన న్యూజెర్సీ పాఠకులకు దీన్ని దగ్గరగా చూసే వీలుంది. బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లలో చాలామందికి, అదే ఊళ్లో సోమర్సెట్ పేట్రియట్స్ అనే చిన్న జట్టు మైదానం ఉందని తెలియదు. అది యాంకీస్‌కు డబుల్-ఏ స్థాయిలో (పెద్ద లీగ్‌కు రెండు మెట్లు కింద) ఉన్న జట్టు. థోర్ప్ ట్రేడ్‌కు ముందు 2023 వేసవి చివరన అక్కడే బంతులు వేశాడు. పులిహోర ప్రసాదం తిని, సాయంత్రం అక్కడ కూర్చుంటే, రేపు ఎవరో ఒక తారకు బదులుగా వెళ్లబోయే కుర్రాళ్లను చేతికందేంత దూరంలో చూడవచ్చు. (ఆ తర్వాత థోర్ప్ షికాగోలో తొమ్మిది ఆటలు ఆడి, 2025లో మోచేతి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. నేను సున్నా అన్నది ఇటువంటి ప్రమాదం గురించే.)

దీనికి అవతలి ఉదాహరణ కూడా సోటో కథలోనే ఉంది. అతను మొదట ఆడినది వాషింగ్టన్ నేషనల్స్‌కు. 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లు ఇస్తామంటే వద్దన్నాడు, దానితో 2022 ఆగస్టులో అతన్ని పాడ్రేస్‌కు ఇచ్చి పిల్లలను తెచ్చుకున్నారు. వాళ్లలో జేమ్స్ వుడ్ అప్పటికి కింది లీగుల్లో ఉన్న 19 ఏళ్ల కుర్రాడు. 2025లో ఆ వుడ్ 31 హోమ్‌రన్లు కొట్టి, మేటి ఆటగాళ్లను ఎంపిక చేసే ఆల్‌స్టార్ ఆటలో నిలిచాడు. అదే బేరంలో వచ్చిన సీజే ఏబ్రమ్స్, మెకెంజీ గోర్ కూడా ఆల్‌స్టార్లే అయ్యారు. అయినా వాషింగ్టన్ 2025లోనూ కింది వరుసలోనే ఉంది. పంట బాగా పండినంత మాత్రాన ఇల్లు నిండదు మరి.

ప్రశ్న: క్రికెట్‌లో ఓపెనర్ వేరు, హిట్టర్ వేరు. బేస్‌బాల్‌లో బలవంతుడిని నాలుగో స్థానంలో పెట్టడం ఆనవాయితీ అని విన్నాము. 2024లో సోటోను రెండో స్థానంలో, జడ్జ్‌ను మూడో స్థానంలో ఆడించారు. సోటో వెళ్లాక జడ్జ్‌ను రెండో స్థానంలోకి తెచ్చారు. ఏది సరైనది?
– ఇద్దరు మిత్రులు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఈ ప్రశ్నకు పలక మీద వేసుకునే లెక్క ఒకటి ఉంది. బ్యాటింగ్ వరుసలో తొమ్మిది మంది గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. ఆట ఎవరి దగ్గర ముగుస్తుందో చెప్పలేము. తొమ్మిదింట ఒక వంతు చొప్పున ఎవరి దగ్గరైనా ముగియవచ్చు. కనుక వరుసలో ఒక్క మెట్టు కిందకు దిగితే తొమ్మిది ఆటలకు ఒక అవకాశం పోతుంది. 162 ఆటలకు అది 18. జడ్జ్‌ను నాలుగో స్థానం నుంచి రెండో స్థానానికి తెస్తే, ఏడాదిలో సుమారు 36 సార్లు అతను అదనంగా బ్యాట్ పట్టుకుంటాడు. ఉత్తమ బ్యాటర్‌ను రెండో స్థానంలో పెట్టడమన్న కొత్త పద్ధతికి మూలం ఇదే, ఇందులో మాయ ఏమీ లేదు.

మరి ఇద్దరు మహా బ్యాటర్లు ఉన్నప్పుడు? అక్కడ నేను సోటో ముందు, జడ్జ్ వెనుక అన్న పక్షాన్నే నిలబడతాను. 2024లో సోటో నూరు సార్లు బ్యాట్ పట్టుకుంటే దాదాపు 42 సార్లు బేస్ మీదకు చేరాడు. జడ్జ్ 58 హోమ్‌రన్లు కొట్టాడు. ముందు చేరేవాడు, వెనుక తెచ్చేవాడు. ఇక వెనుక జడ్జ్ నిలబడి ఉండటం వల్ల సోటోకు కలిగిన లాభాన్ని అంకెల్లో కంటే ఒక దృశ్యంలో చూడటం మేలు.

2024 అక్టోబరు 19, క్లీవ్‌లాండ్. గెలిస్తే వరల్డ్ సిరీస్. స్కోరు 2–2, పదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. బంతి హంటర్ గాడిస్ చేతిలో ఉంది, ఎదుట సోటో. సోటోకు వాక్ ఇచ్చి తప్పుకుందామంటే, బేస్‌లన్నీ నిండిపోతాయి, తర్వాతి బ్యాటరు నిలిచే వృత్తంలో మోకాలి మీద బ్యాట్ ఆనించి జడ్జ్ కాచుకుని ఉన్నాడు. కనుక వేయక తప్పదు. గాడిస్ వంకర బంతులు వేస్తూ పోయాడు, సోటో వాటిని ఒక్కొక్కటిగా ఫౌల్ గీత బయటకు తోస్తూ, ప్రతి బంతి తర్వాతా "ఇంకా?" అన్నట్టు పిచర్ వైపు తల ఊపుతూ నిలిచాడు. ఏడో బంతి వేగంగా, ఎత్తుగా వచ్చింది. 402 అడుగులు పోయింది. 5–2. వెనుక జడ్జ్ కాకుండా ఇంకెవరో ఉంటే ఆ ఏడో బంతి వచ్చేదే కాదని నా నమ్మకం.

నా వాదనకు ఎదురు తిరిగే సంఘటనను కూడా దాచను. అదే సిరీస్ రెండో ఆటలో క్లీవ్‌లాండ్ సోటోకు కావాలనే వాక్ ఇచ్చి, బేస్‌లు నింపి, జడ్జ్‌ను ఎదుర్కొంది. జడ్జ్ అప్పటికి అక్టోబరులో తడబడుతున్నాడు. అతను లోతుగా గాలిలోకి కొట్టి ఒక పరుగు తెచ్చాడే గాని, అది వాళ్లు చేసిన తెలివితక్కువ పని ఏమీ కాదు.

2025లో జడ్జ్ రెండో స్థానంలోకి వచ్చాక ఏమైందో చూడండి. అతనికి కావాలని ఇచ్చిన వాక్‌లు 36, అమెరికన్ లీగ్ చరిత్రలోనే అత్యధికం. వెనుక ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, కానీ పిచర్‌కు వాళ్లు జడ్జ్ కారు, అంతే. అయినా జడ్జ్ .331 సగటుతో 53 హోమ్‌రన్లు కొట్టాడనుకోండి.

ఇక్కడ ఒక మాట. రెండా, మూడా అని అభిమానులు గొంతు చించుకుంటున్న 2024 వేసవిలో అసలు చిల్లు మొదటి స్థానంలో ఉంది. ఆంథనీ వోల్పీ ఎక్కువ కాలం అక్కడ ఆడాడు. ఆ ఏడాది నూరుకు 30 సార్లు కూడా బేస్ చేరలేదు. సోటో, జడ్జ్ వచ్చేసరికి ముందున్న బేస్‌లు ఖాళీగా ఉండేవి. ఆగస్టు నడుమ గ్లేబర్ టోరెస్‌ను మొదటికి తెచ్చాకనే ఆ పై మూడు స్థానాలు ఒక గాడిన పడ్డాయి. మీ ఇద్దరు మిత్రులూ మొదటి స్థానం గురించి కూడా ఒకసారి వాదించుకోండి.

ప్రశ్న: వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో 5–0 ఆధిక్యంలో ఉండి జడ్జ్ సులువైన క్యాచ్ వదిలేశాడు. సోటో కోసం జడ్జ్‌ను సెంటర్ ఫీల్డ్‌కు మార్చడమే దానికి కారణం కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సగం ఒప్పుకుంటాను. సోటోకు రైట్ ఫీల్డ్ ఇవ్వాలి, సోటో వచ్చిన వారంలోనే బోస్టన్ నుంచి తెచ్చిన అలెక్స్ వెర్డూగోకు లెఫ్ట్ ఇవ్వాలి, కనుక జడ్జ్ ఏడాదంతా మధ్యలో పరుగెత్తాడు. ఆ భారీ శరీరానికి అది భారమే. కానీ అక్టోబరు 30 రాత్రి టామీ ఎడ్‌మన్ కొట్టిన ఆ బంతి ఏ మూలన నిలబెట్టినా జడ్జ్ పట్టవలసిన బంతి. పైగా ఆ ఇన్నింగ్స్‌లో ఒక్క తప్పుతో ఐదు పరుగులు రాలేదు: వోల్పీ విసిరిన బంతి నేల తాకింది, తర్వాత మొదటి బేస్‌ను కాయడానికి పిచర్ గెరిట్ కోల్ వెళ్లలేదు. చివరకు 7–6తో ప్రత్యర్థి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ గెలిచి కప్పు పట్టుకుపోయారు. మరుసటి ఏడాది జడ్జ్ తిరిగి రైట్‌కు వచ్చాడు, మధ్యలో ఎక్కువగా గ్రిషమ్ నిలిచాడు.

ప్రశ్న: మెట్స్ 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు ఇస్తే, యాంకీస్ 16 ఏళ్లకు 76 కోట్ల దగ్గర ఆగిపోయారని చదివాము. అరకోటి దగ్గర పిసినారితనమా? ఆ డబ్బుతో తర్వాత కొన్నవాళ్లు సోటోకు సాటి వచ్చారా?
– ఒక పాఠకురాలు, జెర్సీ సిటీ

జవాబు: అరకోటి తేడా అన్నది పైకి కనిపించేది మాత్రమే, ఏడాదికి పంచి చూస్తే మెట్స్ మొత్తం 5.1 కోట్లు, యాంకీస్ మొత్తం 4.75 కోట్లు. అయినా పిసినారితనం అన్న మాట ఆ సంఖ్యలకు అతకదు.

సోటో సంతకం చేసిన పది రోజుల్లోపే యాంకీస్ మూడు పనులు చేశారు. మ్యాక్స్ ఫ్రీడ్ అనే ఎడమచేతి పిచర్‌కు ఎనిమిదేళ్లకు 21.8 కోట్లు ఇచ్చారు. నెస్టర్ కోర్టెస్‌ను, కేలబ్ డర్బిన్‌ను మిల్వాకీకి ఇచ్చి పిచర్ డెవిన్ విలియమ్స్‌ను తెచ్చారు. షికాగో కబ్స్ నుంచి బ్యాటరు కోడీ బెలింజర్‌ను దాదాపు ఉత్తినే తెచ్చారు. ఒక్క పిచర్‌ను ఇస్తే, కబ్స్ బెలింజర్ జీతంలో 50 లక్షల డాలర్లు కూడా తామే భరించారు. ఆ తర్వాత బ్యాటరు పాల్ గోల్డ్‌ష్మిట్‌కు ఒక ఏడాదికి 1.25 కోట్లు.

ఫలితం: ఫ్రీడ్ 19 గెలిచాడు. బెలింజర్ 29 హోమ్‌రన్లు కొట్టాడు. గోల్డ్‌ష్మిట్ మొదటి సగంలో మెరిసి తర్వాత మసకబారాడు. విలియమ్స్ ఈఆర్‌ఏ 4.79, మూడు మంచి సరుకులతో పాటు ఒక పుచ్చుకాయ కూడా సంచీలోకి వచ్చింది. జట్టు ఎన్ని గెలిచిందంటారా? 94. సోటో ఉన్న ఏడాదీ 94, లేని ఏడాదీ 94. కానీ 2024లో అది వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది, 2025లో టొరంటో చేతిలో, వరల్డ్ సిరీస్‌కు రెండు అంచెల ముందు ఉండే డివిజన్ సిరీస్‌లోనే ఆగింది. అవతల సోటో 43 హోమ్‌రన్లు కొట్టి, ఎవరూ ఊహించని విధంగా 38 బేస్‌లు దొంగిలించినా (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తడం), మెట్స్ 83 గెలుపులతో ప్లేఆఫ్స్‌కే రాలేకపోయారు.

నన్ను అడిగితే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జరిగే సుదీర్ఘమైన ఆటకు నలుగురిలో పంచిన డబ్బు మేలు, అక్టోబరులో పదో ఇన్నింగ్స్‌కు ఒక్క సోటో మేలు. 2024లో యాంకీస్ ఏదో ఒకటి ఎంచుకోనక్కరలేకపోయింది, ఎందుకంటే అతని జీతం ఒక్క ఏడాదిదే. ట్రేడ్ మంచిదని నేను అనడానికి ఇదే కారణం. సంతకం చేయించుకోలేకపోవడాన్ని దానికి అంటగట్టకూడదు. అవి రెండు వేర్వేరు నిర్ణయాలు, వాటి మధ్య ఏడాది గడిచింది.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. 2024లో ముచ్చటపడి సోటో పేరున్న యాంకీస్ చొక్కా, 22 నంబరుది, కొనిపించుకున్నాడు. ఇప్పుడు తోటి పిల్లలు వెక్కిరిస్తున్నారట. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ

జవాబు: దాచి ఉంచమనండి. సోటో మెట్స్‌లోనూ 22 నంబరే వేసుకుంటున్నాడు. ఆ నంబరును వదులుకున్న బ్రెట్ బేటీకి ఒక పెద్ద షెవర్లే టాహో కారు బహుమానంగా ఇచ్చాడు కూడా. అబ్బాయి కొత్తది కావాలని మారాం చేస్తే మాత్రం గ్రిషమ్ పేరుతో 12 నంబరుది కొనిపెట్టండి. ఎవరైనా "ఇతనెవరు?" అని అడిగితే, సోటోతో కొసరుగా వచ్చినవాడని చెప్పమనండి.